యాపిల్ తొక్క మీద థైరామ్: నీళ్లలో బాగా వచ్చే సెర్స్ సిగ్నల్ తొక్క దగ్గర ఎందుకు తప్పుతోంది?

పాతబీకరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. యాపిల్ తొక్క మీద మిగిలిపోయే థైరామ్ (శిలీంధ్రనాశిని) ఎంతుందో బంగారు నానో కణాలతో, సెర్స్ పద్ధతిలో (లోహపు కణాల దగ్గర అణువుల రామన్ సిగ్నల్ ఎన్నో రెట్లు పెరగడాన్ని వాడుకునే లేజర్ పద్ధతి) కొలవాలి. కింద రాసిన పీకుల అంకెలన్నీ సెం.మీ⁻¹ లో.

కొల్లాయిడ్ (నీళ్లలో తేలే బంగారు కణాలు): 0.01% క్లోరోఆరిక్ ఆమ్లం 100 మి.లీ. మరుగుతుండగా 1% ట్రైసోడియం సిట్రేట్ 1 మి.లీ. ఒక్కసారిగా పోసి, అరగంట మరిగించి చల్లార్చింది. ముదురు ఎరుపు, శోషణ శిఖరం 530 నానోమీటర్ల దగ్గర.

కొలత: 200 మైక్రోలీటర్ల కొల్లాయిడ్, 20 మైక్రోలీటర్ల అర మోలార్ ఉప్పునీళ్లు, ఆపైన 20 మైక్రోలీటర్ల నమూనా. 785 నానోమీటర్ల లేజర్ ఉన్న చేతి పరికరం, 10 సెకన్లు.

తొక్క నమూనా: ఎసిటోనైట్రైల్‌తో తడిపిన దూదిపుల్లతో 1 చదరపు సెం.మీ. తుడిచి, ఆ పుల్లను 1 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లో జాడించి, ఆ ద్రవాన్ని నేరుగా కలపడం.

నీళ్లలో చేసిన థైరామ్ స్టాండర్డులు (గాఢత తెలిసిన పోలిక ద్రావణాలు) లీటరుకు 0.1 నుంచి 1 మి.గ్రా. దాకా గీత గీసినట్టు వస్తున్నాయి. 1380 పీకు పొడవుగా, శుభ్రంగా ఉంటోంది. తొక్క దగ్గర మాత్రం నాలుగు చిక్కులు. ఒకే పండు మీద అయిదు చోట్ల తుడిస్తే విలువలు 40% దాకా అటూ ఇటూ అవుతున్నాయి. చ.సెం.మీ.కి 3 మైక్రోగ్రాములు పూసినా 8 పూసినా పీకు ఎత్తు ఒకటే. మందు తగలని పండు తొక్కలో కూడా 1380 దగ్గర చిన్న బుడిపె కనిపిస్తోంది. ఇవి చాలవన్నట్టు 1157, 1525 దగ్గర రెండు కొత్త పీకులు. కణాల సైజు మార్చి చూడాలా? వెండికి మారాలా?

---

నిలువుగీత జవాబు

కణాల జోలికి వెళ్లకండి. ఫ్రెన్స్ 1973లో ఇచ్చిన పట్టిక ప్రకారం మీ పాళ్లకు 41 నానోమీటర్ల కణం రావాలి, 530 దగ్గరి శిఖరం దానికి సరిపోతోంది. ఆ కొల్లాయిడ్ మంచిదే. చిక్కంతా తొక్క నుంచి కణం దాకా వచ్చే దారిలో ఉంది.

ముందు కలిపే వరుస మార్చండి. ఇప్పుడు ఉప్పు ముందు, నమూనా తర్వాత పోస్తున్నారు. విడిగా తేలే 41 నానోమీటర్ల గోళం 530 దగ్గర అనునాదం చెందుతుంది. 785 లేజర్‌కు అది దాదాపు పనికిరాదు. రెండు మూడు కణాలు ఒకటి రెండు నానోమీటర్ల సందు మిగిల్చి దగ్గరికి చేరినప్పుడు వాటి ప్లాస్మాన్‌లు (లోహంలోని ఎలక్ట్రాన్ల సామూహిక ఊగిసలాటలు) జతకట్టి అనునాదం 650 నుంచి 800 నానోమీటర్ల వైపు జరుగుతుంది. మీకు సిగ్నల్ ఇచ్చేవి ఆ సందులే. రామన్ తీవ్రత సుమారుగా స్థానిక విద్యుత్ క్షేత్రపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి సందు కొంచెం మారినా ఫలితం ఎన్నో రెట్లు మారుతుంది. ఉప్పు ముందు పోస్తే సందులు మూసుకుపోయాక థైరామ్ వచ్చి బయట నిలబడుతుంది. కొల్లాయిడ్, నమూనా కలిపి 5 నిమిషాలు ఆగండి. ఉప్పు చివర్న. ఉప్పు పోసిన క్షణం నుంచి గడియారం చూసి, ప్రతి నమూనాకూ సరిగ్గా అదే సమయంలో, ఉదాహరణకు మూడో నిమిషంలో, కొలవండి. ఏ నిమిషం మీకు సరిపడుతుందో తెలియాలంటే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 700 నానోమీటర్ల దగ్గర శోషణను కాలంతోపాటు గీయండి. గీత పైకెక్కి కాసేపు చదునుగా ఉండి, గుంపులు అడుక్కి దిగేకొద్దీ పడిపోతుంది. ఆ చదును భాగంలోనే కొలవాలి.

పరికరమే అక్కర్లేని పరీక్ష ఒకటుంది. రెండు చిన్న గొట్టాలు తీసుకోండి. ఒకదాంట్లో కొల్లాయిడ్, నీళ్ల స్టాండర్డు, ఉప్పు. రెండో దాంట్లో కొల్లాయిడ్, తొక్క ద్రవం, ఉప్పు. తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. మొదటిది ఎరుపు నుంచి ఊదాకు, తర్వాత నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. చాలాసేపు వదిలేస్తే అడుగున నల్లటి నలుసులు దిగి పైన నీళ్లు తేటపడతాయి. రెండోది ఎర్రగానే ఉండిపోయిందా, అయితే తొక్క నుంచి వచ్చిన చక్కెరలు, పెక్టిన్, మైనం లాంటివి కణాలకు పూత పట్టి వాటిని కలవనివ్వడం లేదు. అప్పుడు మీరు తిట్టుకోవాల్సింది థైరామ్‌ను కాదు, ఆ పూతను.

పూత ఎంత పల్చగా ఉన్నా నష్టమే. ఒంటరి గోళానికైతే సిగ్నల్ తగ్గుదలను (a/(a+d)) పదో ఘాతంగా లెక్కేస్తారు, a వ్యాసార్ధం, d దూరం. 20 నానోమీటర్ల వ్యాసార్ధానికి 2 నానోమీటర్ల పూత పడితే సిగ్నల్ 39%కి, 5 నానోమీటర్లయితే 11%కి పడిపోతుంది. సందుల్లో ఇంకా ఘోరం. అక్కడ మైనం దూరితే థైరామ్‌కు చోటే ఉండదు.

లేజర్ శక్తి ఎంతో మీరు రాయలేదు. 1350, 1580 దగ్గర రెండు వెడల్పాటి గుట్టలు లేస్తుంటే అది కాలిన సేంద్రియ పదార్థపు కార్బన్. ఆ మొదటి గుట్ట మీ 1380ని మింగేస్తుంది. శక్తి సగానికి తగ్గించి, సమయం రెట్టింపు చేయండి.

గాజుసామాను సంగతి ఒక్క మాట. అంతకుముందు తయారీలో అంటుకున్న బంగారపు పొర మిగిలితే కొత్త కణాలు దాని మీదే మొలుస్తాయి. ఆక్వా రీజియాతో (హైడ్రోక్లోరిక్ మూడు పాళ్లు, నైట్రిక్ ఒక పాలు) ఫ్యూమ్ హుడ్‌లోనే కడగాలి. మిగిలిన దాన్ని బిరడా బిగించి దాచకూడదు, ద్రావకాలున్న గాజులో అసలు పోయకూడదు. ఆ తర్వాత శుద్ధజలంతో కనీసం పదిసార్లు కడగాలి.

---

తేనెటీగ జవాబు

పై జవాబులో వరుస గురించి చెప్పింది వంద శాతం నిజం. మిగిలిన మూడు చిక్కులకు కారణాలు వేరు.

1157, 1525 కెరోటినాయిడ్లు. వాటితోపాటు 1005 దగ్గర చిన్నది కూడా ఉండాలి, చూడండి. అవి పండు తొక్క సొంత రంగులు, మీ తయారీ తప్పు కాదు. 1063, 1130, 1295, 1440 దగ్గర ఏమైనా లేస్తే అది తొక్క మీది మైనం, పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు. ఈ రెండు గుంపులూ ఎంత పెద్దగా ఉంటే పుల్లతో అంత గట్టిగా రుద్దారన్నమాట. తొక్క మీద ఉన్నది తీయాలి గానీ తొక్కనే కరిగించకూడదు. వెండి గురించి అడిగారు కాబట్టి ఇక్కడే చెబుతా. వెండికి 532 లేజర్ బాగా కలిసొస్తుంది, నిజమే. కానీ ఆ పచ్చ కాంతి కెరోటినాయిడ్ల సొంత శోషణకు దగ్గర కాబట్టి వాటి పీకులు విపరీతంగా పెరుగుతాయి. ఎర్ర తొక్కయితే ఫ్లోరోసెన్స్ కూడా తోడవుతుంది. ఈ పనికి బంగారం, 785 జోడీనే మేలు.

ఇక మందు తగలని పండులో 1380 బుడిపె. చేతికి ఏ గ్లౌజులు వేస్తున్నారు?

థైరామ్ పూర్తి పేరు టెట్రామిథైల్‌థైయురామ్ డైసల్ఫైడ్. ఇదే పదార్థాన్ని రబ్బరు గట్టిపరిచే ప్రక్రియలో వేగం పెంచడానికి కూడా వాడతారు. దాని చుట్టాలైన జింక్ డైథయోకార్బమేట్లు లేటెక్స్, నైట్రైల్ గ్లౌజుల్లో తరచుగా ఉంటాయి. ఎసిటోనైట్రైల్ తడి ఉన్న వేలు దూదికి తగిలితే చాలు, సెర్స్ దాన్ని పట్టేస్తుంది. పరీక్ష తేలిక: గ్లౌజు వేలి కొస నుంచి 1 చ.సెం.మీ. కత్తిరించి, 1 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లో 5 నిమిషాలు నానబెట్టి, ఆ ద్రవాన్ని నమూనాలాగే కొలవండి. రబ్బరు బల్బు ఉన్న డ్రాపర్, సిరంజి ముషలకం చివరి నల్ల రబ్బరు, సీసా మూత లోపలి రబ్బరు బిళ్ల, వీటిని కూడా ఒక్కొక్కటిగా ఇలాగే పరీక్షించాలి. పాలిథిన్ గ్లౌజులు, స్టీలు పట్టకారు, టెఫ్లాన్ పూత ఉన్న మూతలు వాడితే ఈ గొడవ పోతుంది. ఇది థైరామ్ పీకులోనే కలిసిపోతుంది కాబట్టి లెక్కల్లో దీన్ని విడదీయడం కష్టం.

ఇంకో దొంగ కూడా ఉన్నాడు. ఎసిటోనైట్రైల్‌కే 1375 దగ్గర సొంత పీకు ఉంది, 919 దగ్గర ఇంకొకటి. మీ మిశ్రమం 240 మైక్రోలీటర్లలో 20 అదే, అంటే 8% పైన. స్టాండర్డులేమో నీళ్లలో చేశారు. బ్లాంక్‌లో (మందు లేని పోలిక నమూనా), స్టాండర్డులో, నమూనాలో ఎసిటోనైట్రైల్ పాలు ఒకటే లేనప్పుడు పోలికకు అర్థం లేదు. పైగా అంత ద్రావకం పడితే కొల్లాయిడ్ నిలకడ కూడా మారుతుంది.

3కీ 8కీ తేడా లేకపోవడం మాత్రం కేవలం చోటు చాలకపోవడం. లెక్క చూడండి. 200 మైక్రోలీటర్ల కొల్లాయిడ్‌లో బంగారం సుమారు 10 మైక్రోగ్రాములు. 41 నానోమీటర్ల గోళాలుగా దాని మొత్తం ఉపరితలం 0.75 చ.సెం.మీ. థైరామ్ బంగారాన్ని తాకగానే మధ్యలోని గంధకం-గంధకం బంధం తెగి రెండు డైమిథైల్‌డైథయోకార్బమేట్ ముక్కలవుతుంది. ఒక్కో ముక్క సుమారు 0.3 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తుందనుకుంటే, మొత్తం పట్టేది దాదాపు 50 నానోగ్రాముల థైరామ్. 20 మైక్రోలీటర్ల నమూనాలో 50 నానోగ్రాములంటే లీటరుకు 2.5 మి.గ్రా. మీరు 1 చ.సెం.మీ.ను 1 మి.లీ.లోకి తీస్తున్నారు కాబట్టి 3 మైక్రోగ్రాముల తొక్కకే బంగారం నిండిపోయింది. 8 వేసినా మిగతాది ద్రవంలో ఖాళీగా తిరుగుతుంది. ద్రవాన్ని నీళ్లతో 20 రెట్లు పల్చన చేయండి. ఎసిటోనైట్రైల్ పాలు కూడా అరశాతం లోపుకు దిగుతుంది, తొక్క చెత్త కూడా పల్చబడి రంగు మారుతుంది. ఒకే దెబ్బకు మూడు పనులు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బంగారం మీద మిగిలేది డైథయోకార్బమేట్ ముక్క మాత్రమే. ఇదే కుటుంబపు శిలీంధ్రనాశినులు జిరామ్, ఫెర్బామ్ ఇచ్చేదీ అదే ముక్క. 1380తోపాటు 560, 1145 చుట్టుపక్కల పీకులు సరిపోయినంత మాత్రాన "థైరామ్ ఉంది" అని రాయకండి. "థైరామ్‌గా లెక్కించిన డైమిథైల్‌డైథయోకార్బమేట్లు" అని రాయండి.

---

పాతబీకరు

ఇద్దరికీ ధన్యవాదాలు. రంగు పరీక్షలో తొక్క ద్రవం పది నిమిషాలకు కూడా ఎర్రగానే ఉంది. 20 రెట్లు పల్చన చేస్తే రెండు నిమిషాల్లో ఊదాకు తిరిగింది. నైట్రైల్ గ్లౌజు ముక్క బ్లాంక్‌లో 1380 దగ్గర స్పష్టమైన పీకు. పాలిథిన్‌కు మారాక బుడిపె లేదు.

ఇంకా రెండు మిగిలాయి. చోటు చోటుకూ వచ్చే తేడా 25% దగ్గర ఆగిపోయింది, అంతకంటే దిగడం లేదు. చివరికి ఫలితాన్ని కిలోకు మి.గ్రా.లో చెప్పాలి, చ.సెం.మీ. నుంచి అక్కడికి ఎలా వెళ్లాలి? సిలికా పొర తొడిగిన కణాలను (షైనర్స్) నేరుగా తొక్క మీద చల్లితే తుడవడమే అక్కర్లేదని ఒకరు సలహా ఇచ్చారు. అది మేలా?

---

తూకంరాయి జవాబు

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. షైనర్స్ 2010లో వచ్చింది, 55 నానోమీటర్ల బంగారానికి రెండు మూడు నానోమీటర్ల సిలికా తొడుగు. నారింజ తొక్క మీద పారాథియాన్ రకం మందును దాంతోనే చూపించారు. తొడుగు పని అణువులు లోహానికి నేరుగా తగలకుండా ఆపడం. థైరామ్‌కు మీరు కోరుకునేది సరిగ్గా దానికి వ్యతిరేకం: గంధకం వచ్చి బంగారాన్ని పట్టుకోవాలి, ఆ పట్టే మీకు సున్నితత్వాన్ని ఇస్తోంది. తొడుగు వేసి దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు? తొడుగులో సూదిమొన రంధ్రాలుంటే మళ్లీ ఆ రంధ్రాల నుంచే థైరామ్ సిగ్నల్ వస్తుంది, అప్పుడు మీరు కొలిచేది తయారీ లోపాన్ని. లోహాన్ని పట్టుకోని మందుల కోసం దాన్ని దాచుకోండి.

25% తేడా ఎక్కడిదంటే, మీరు మందు పూసిన తీరులో ఉంది. ఎసిటోనైట్రైల్‌లో కరిగించిన థైరామ్ బొట్టు తొక్క మీద ఆరేటప్పుడు పదార్థమంతా అంచుకు చేరి వలయంలా మిగులుతుంది. పుల్ల వలయం మీదుగా పోతే ఒక విలువ, మధ్యలో పోతే ఇంకొకటి. ఒక పెద్ద బొట్టు వద్దు. 2 మైక్రోలీటర్ల బొట్లు పది, 1 చ.సెం.మీ. గడిలో సమంగా పెట్టి ఆరనివ్వండి. తుడిచేటప్పుడు గడి కంటే 2 మి.మీ. బయటికి వెళ్లి, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, రెండు పుల్లలతో తుడిచి, రెంటినీ ఒకే 1 మి.లీ.లో జాడించండి. మూడో పుల్ల విడిగా కొలవండి. అందులో మొదటి రెంటి మొత్తంలో 5% కంటే ఎక్కువ వస్తే తుడవడం చాలలేదు.

ఇంకా మిగిలే తేడా సందులది. దానికి విరుగుడు అంతర్గత ప్రమాణం, అంటే కణంలోనే ఎప్పుడూ ఉండే పోలిక పీకు. బంగారు గింజ మీద 4-మెర్కాప్టోబెంజోనైట్రైల్ పొర, దాని మీద మళ్లీ బంగారం తొడిగిన కణాలు చేసుకుంటే 2225 దగ్గర ఒక పీకు ఎప్పుడూ ఉంటుంది. ఆ ప్రాంతంలో తొక్కకు పీకులు లేవు. 1380 ఎత్తును దాంతో భాగించి గీత గీయండి. కణాల గుంపు ఎక్కువైనా, లేజర్ ఫోకస్ జరిగినా రెండు పీకులూ దాదాపు కలిసే మారతాయి. అణువు రెండు బంగారాల మధ్య చిక్కుకుని ఉండటం ముఖ్యం. పైన పూస్తే అది థైరామ్ చోటు తింటుంది, తేనెటీగ గారు లెక్కేసిన 50 నానోగ్రాములు ఇంకా తగ్గుతాయి.

నీళ్ల స్టాండర్డులు ఇక పక్కన పెట్టండి. మందు తగలని తొక్కను తుడిచిన ద్రవాన్ని 20 రెట్లు పల్చన చేసి, దాంట్లోకే థైరామ్ కలిపి గీత గీయాలి. మూల ద్రావణం: 10 మి.గ్రా. థైరామ్ 100 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లో, ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో. నీళ్లలో చేసిన పలుచని స్టాండర్డులు ఏ రోజువి ఆ రోజే, మర్నాటికి నమ్మకూడదు. పండును కోసి రుబ్బే ఆలోచన మాత్రం చేయకండి. పుల్లని రసం తగిలితే డైథయోకార్బమేట్లు విచ్ఛిన్నమవుతాయి. మామూలుగా బహుళ మందులకు వాడే క్వెచర్స్ పద్ధతి వీటికి సరిపడకపోవడానికి అదొక కారణం.

కిలోల లెక్క. 7.5 సెం.మీ. వ్యాసమున్న పండును గోళం అనుకుంటే ఉపరితలం 177 చ.సెం.మీ., బరువు సుమారు 180 గ్రాములు. కిలోకు 1 మి.గ్రా. అంటే ఈ పండు మీద 0.18 మి.గ్రా., అంటే చ.సెం.మీ.కి దాదాపు సరిగ్గా 1 మైక్రోగ్రాము. కాబట్టి ఈ సైజు పండుకు రెండు అంకెలూ ఒకటే అనుకోవచ్చు. పండు చిన్నదైతే బరువుకు తగ్గ ఉపరితలం పెరుగుతుంది: 6 సెం.మీ. పండు మీద అదే 1 మైక్రోగ్రాము కిలోకు 1.25 మి.గ్రా. అవుతుంది. ప్రతి పండునూ తూచి, వ్యాసం రెండు దిక్కుల కొలిచి రాసుకోండి. తొడిమ గుంటలో మందు నీళ్లు నిలిచి ఆరిపోతాయి, అక్కడ విలువ ఎప్పుడూ ఎక్కువే. పక్కల నుంచి తీసిన సగటులో దాన్ని కలపకుండా వేరుగా చూపండి.

చట్టపు పరిమితితో పోల్చేటప్పుడు ఇంకో మెలిక. డైథయోకార్బమేట్ల పరిమితులను కార్బన్ డైసల్ఫైడ్‌గా రాస్తారు. ఒక థైరామ్ అణువు (240.4) రెండు కార్బన్ డైసల్ఫైడ్ అణువులను (మొత్తం 152.3) ఇస్తుంది, గుణకం 1.58. పట్టికలో 5 అని ఉంటే మీ థైరామ్ అంకె 7.9తో పోల్చాలి. ఈ గుణకం మరిచిపోతే నియమంలో ఉన్న పండును కూడా నియమం దాటిందని రాసేస్తారు.

సెర్స్‌తో చేసేది వడపోత (అనుమానమున్న నమూనాలను ఏరడం) మాత్రమేనని నా అభిప్రాయం. పరిమితికి సగం దాటిన ప్రతి నమూనాకూ జంట పండును స్టానస్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేసి, వెలువడిన కార్బన్ డైసల్ఫైడ్‌ను గ్యాస్ క్రోమాటోగ్రఫీలో ధ్రువీకరించాలి.

---

నిలువుగీత

షైనర్స్ విషయంలో ఒప్పుకుంటున్నా. వడపోత మాత్రమే అన్నదానికి మాత్రం పూర్తిగా ఒప్పుకోను. తొక్కలో మందు ఎంత లోతుకు దిగిందో పటం గీయడం క్రోమాటోగ్రఫీకి చేతకాదు, అది సెర్స్ ఒంటరిగా చేస్తుంది. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు యాపిల్ మీద థయాబెండజోల్ (శిలీంధ్రనాశిని) 80 మైక్రోమీటర్ల దాకా, ఫాస్మెట్ (పురుగుమందు) 20 మైక్రోమీటర్ల దాకా దిగిందని అలాగే చూపించారు. వంటసోడా నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే పైనున్నది పోయింది, లోపలికి దిగింది మాత్రం పోలేదు. ఇక్కడి తుడుపు పద్ధతికి కూడా ఆ హద్దు ఉంది: పుల్ల అందుకునేది పైనున్నదాన్నే. మందు పడి ఎన్ని గంటలైందో నమూనా చీటీ మీద రాయండి.

---

తేనెటీగ

తూకంరాయి గారి 2225 సలహాకు ఒక చిన్న తోక. ఎసిటోనైట్రైల్ నైట్రైల్ పీకు 2253 దగ్గర ఉంటుంది. చేతి పరికరాల విభేదన శక్తి 10 సెం.మీ⁻¹ చుట్టుపక్కల ఉంటే రెండూ భుజాలు రాసుకుంటాయి. పల్చన చేయకుండా కొలిస్తే ప్రమాణపు పీకు ఉన్నదానికంటే పొడవుగా కనబడి, థైరామ్ విలువ తక్కువగా వస్తుంది. కాబట్టి 20 రెట్ల పల్చన దశను తొందర్లో దాటేయకండి. అది కుదరకపోతే ఎత్తుకు బదులు, రెండు వక్రరేఖలు అతికించి 2225 కింది వైశాల్యం తీసుకోండి.